మాయాబజార్ నుంచి బలగం దాకా: తెర మీద మన మాట

నేల టికెట్టు | ఆదివారం, రాత్రి 9:40

నిన్న మా ఇంట్లో మాయాబజార్ పెట్టుకున్నాం. అమ్మ, నేను, నాలుగో తరగతి చదివే మా పాప. పాప ఇంతవరకు నలుపు తెలుపు సినిమా ఒక్కటీ పూర్తిగా చూడలేదు. మొదటి పావుగంట దిండు పట్టుకుని అటూ ఇటూ దొర్లింది. విడిదిలో తల్పం, గిల్పం, కంబళి, గింబళి మొదలయ్యేసరికి సోఫా మీంచి జారి కింద కూర్చుని మరీ నవ్వింది. ఇవాళ పొద్దున దుప్పటి మడతపెట్టమంటే, "నాన్నా, ఇది గింబళి. ముట్టుకోను" అంది. 1957లో ఆ సినిమాకు మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు పుట్టించిన మాట మా పడకగదిలోకి వచ్చేసింది.

ఇవాళ సాయంత్రం అమ్మ అడిగిందని బలగం చూశాం. మాది రాజమండ్రి దగ్గర పల్లె. సినిమాలోని తెలంగాణ యాస మా అమ్మది కాదు. కొన్ని మాటలకు నా వైపు చూసింది కూడా. కానీ పెట్టిన అన్నం దగ్గరికి కాకి రాకపోయేసరికి ఇంక నన్నేమీ అడగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా అలాగే ఉంది. సినిమా అయ్యాక లేచి వెళ్లి తాతయ్య ఫొటో తుడిచింది.

రెండు రోజుల్లో ఈ రెండూ చూశాక నాకు గట్టిగా అనిపించింది. మన సినిమాల్లో చివరికి మిగిలేది మాట. ఫైట్లు మర్చిపోతాం, సెట్లు మర్చిపోతాం, మాట మాత్రం ఇంట్లో ఉండిపోతుంది. మీ చెవిలో అలా ఉండిపోయిన సినిమా ఏది? పాతదైనా సరే, కొత్తదైనా సరే. కలెక్షన్ల గొడవ మాత్రం ఇక్కడ వద్దు, దానికి వేరే థ్రెడ్ ఉంది.

సిరిసిల్ల పోరడు | ఆదివారం, రాత్రి 10:25

అన్నా, బలగం పేరు చూసి ఆగలేకపోయాను.

2023 మార్చిలో వచ్చింది కదా. ఆ ఎండాకాలంలోనే మా ఊళ్లో గ్రామ పంచాయతీ ముందు తెల్లగుడ్డ కట్టి వేశారు. ఊరంతా వచ్చింది. మా నాయనమ్మ గోనెసంచి పరుచుకుని ముందు వరసలో కూర్చుంది. ఆమె సినిమా హాలుకు పోక ముప్పై ఏళ్లు దాటింది. నల్లిబొక్క (కూరలో మూలుగ ఎముక) దగ్గర బావ బామ్మర్దులకు మాటామాటా పెరిగి ఏళ్లకేళ్లు రాకపోకలు ఆగిపోవడం చూస్తే బయటివాళ్లకు నవ్వు రావచ్చు. మా దగ్గర ఎవ్వరూ నవ్వలేదు. ప్రతి ఇంట్లో అలాంటి బొక్క ఒకటి ఉంది. చివర్లో బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య పాట అందుకుంటే మా నాయనమ్మ కూడా సన్నగా రాగం తీసింది. చావు జరిగిన ఇంట్లో మా ఆడవాళ్లు తీసే రాగమే అది. పక్కన కూర్చున్న నాకు ఒళ్లు జలదరించింది.

ఇంకో సంగతి చెప్పాలి. నేను ఆరో తరగతికి వేరే జిల్లాలో హాస్టల్లో చేరాను. నోరు తెరిస్తే చాలు, పిల్లలు "గిట్ల, గట్ల" అని వెక్కిరించేవాళ్లు. వాళ్లను మాత్రం ఏమనగలం? అప్పటి సినిమాల్లో మా యాస మాట్లాడేది రౌడీ, కాకపోతే కమెడియన్. ప్రేమించేవాడు, పెళ్లి చేసుకునేవాడు, పోతే జనం ఏడ్చేవాడు మా యాసలో మాట్లాడటం నేను చూడలేదు. 2017లో ఫిదాకు పోయినప్పుడు, సాయిపల్లవి బాన్సువాడ భానుమతిగా తన సొంత గొంతుతో మాట్లాడుతుంటే మా చెల్లె నా చెయ్యి గిల్లి, "అన్నా, గీమె మన లెక్కనే మాట్లాడుతుంది" అంది. దర్శకుడు వేణు యెల్దండి గారు బలగంతో ఆ మాటను మా ఇంటి వాకిట్లోకి తెచ్చి కూర్చోబెట్టారు.

చూడండి, ఇప్పుడు కూడా నేను బళ్లో నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

మద్రాసు మెయిల్ | సోమవారం, ఉదయం 6:05

నాకు డెబ్బై దాటాయి. మాయాబజార్ నేను నెల్లూరు జిల్లాలో, టూరింగ్ టాకీసులో చూశాను. అప్పటికి అది విడుదలై రెండు మూడేళ్లయి ఉంటుంది. డేరాలో ఇసుకే నేల టికెట్టు. ముందు కూర్చున్నవాడి తల అడ్డం వస్తుందని చేతులతో ఇసుక పోగు చేసుకుని దాని మీద కూర్చునేవాళ్లం. వెనకవాడు కేకలేసేవాడు, మేం వినేవాళ్లం కాదు. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. ఆ సందులోనే ఘటోత్కచుడిలా ఛాతీ విరుచుకుని నడిచి తన్నులు తిన్నాం. ఎస్.వి. రంగారావు గారి నడక మా ఊరి పిల్లలందరికీ వచ్చేసింది.

సిరిసిల్ల అబ్బాయీ, నువ్వు చెప్పినది చదివి మనసు కష్టపడింది. నీ బాధ నిజం. అయినా నేను ఒక మాట చెప్పాలనుకుంటున్నాను. మాయాబజార్‌లో తెలుగు ఏ జిల్లాది? ఏ జిల్లాదీ కాదు. అయినా అన్ని జిల్లాలవాళ్లూ తమదే అనుకున్నారు. "అసమదీయులు" అనే మాట ఇప్పటికీ పత్రికల్లో కనిపిస్తుంది. రాసేవాళ్లకు, చదివేవాళ్లకు అది సినిమాలోంచి వచ్చిందని గుర్తుకు కూడా రాదు. మా మనవడికి మంచి మార్కులొస్తే నేను ఇప్పటికీ రెండు వీరతాళ్లే వేస్తాను. భారతంలో కథ, పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనపడరు, ఆ లోటు మనకు తెలియదు. మాటలు, మనుషులు అంత నిండుగా ఉన్నారు.

సావిత్రి సంగతి చెప్పకుండా ఉండలేను. మాయా శశిరేఖగా ఆడుతూ పాడుతూ ఉంటుంది. పాటలో సుశీల గారి గొంతు మధ్యలో ఉన్నట్టుండి ఘంటసాల గారి గొంతు వస్తుంది. ఆ క్షణంలో ఆమె భుజం మారుతుంది, మెడ మారుతుంది, లేని మీసం కనిపిస్తుంది. మళ్లీ మరుక్షణం పెళ్లికూతురి సిగ్గు. గ్రాఫిక్స్ లేవు, మేకప్ మారలేదు. నటన ఒక్కటే.

2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు కూడా వెళ్లి చూశాను. చక్కగా చేశారు. కానీ కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ గారి వెన్నెల నలుపు తెలుపులోనే వెన్నెల.

బలగం నేను చూడలేదు. ఈ వారం చూస్తాను.

కంచరపాలెం గేటు | సోమవారం, ఉదయం 8:50

మెయిల్ గారికి నమస్కారం. నేల టికెట్టు అన్నయ్యా, నా సినిమా పేరు నా పేరులోనే ఉంది.

నేను పుట్టి పెరిగింది విశాఖలో ఆ పక్కనే. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చినప్పుడు మా అమ్మతో వెళ్లాను. తెర మీద ఉన్నవాళ్లలో చాలామంది ఊళ్లోవాళ్లే, అంతకుముందు ఎప్పుడూ నటించనివాళ్లు. రాజు పాత్ర వేసిన సుబ్బారావు గారు నోరు తెరవగానే అమ్మ, "ఈయన మన పక్కింటి బాబాయిలాగే మాటాడతన్నాడే" అని పైకే అనేసింది. వెనక సీట్లోంచి ఎవరో "అవునమ్మా" అన్నారు. మా యాసను అప్పటిదాకా పనిమనిషి పాత్రకో, వాచ్‌మన్ పాత్రకో వాడేవాళ్లు. అదీ సాగదీసి, వెక్కిరింపుగా. ఇక్కడ నలభై తొమ్మిదేళ్లకు కూడా పెళ్లికాని అటెండరు అదే యాసలో, తొందర లేకుండా, మర్యాదగా మాట్లాడాడు. మద్యం కొట్టులో పనిచేసే గడ్డం, ముసుగులోంచి కళ్లు మాత్రమే కనిపించే సలీమాతో మాట్లాడే తీరు ఎంత మెత్తగా ఉంటుందో గుర్తుందా? మా మాటలో అంత మెత్తదనం ఉందని నాకే అప్పుడు తెలిసింది.

చివర్లో కథలన్నీ కలిసేచోటు ఇక్కడ రాయను. చూడనివాళ్లు ఉంటారు.

2025లో వచ్చిన కోర్ట్ కూడా విశాఖలో జరిగే కథే. అందులో శివాజీ గారు వేసిన మంగపతి గదిలోకి వస్తే ఇంట్లో ఆడపిల్లలు బిగుసుకుపోతారు. నేను కూడా సీట్లో అలాగే బిగుసుకుపోయాను. ఇంటి పరువు ఆడపిల్ల మెడకు కట్టి తిరిగే అలాంటి పెద్దమనిషి ప్రతి వీధిలో ఒకడుంటాడు. ఆ సినిమా నాకు అందుకే గుర్తు.

సౌండ్ బాక్సు | సోమవారం, రాత్రి 11:10

మీరు మాట గురించి మాట్లాడుతున్నారు కాబట్టి మా పని గురించి కొంచెం చెప్తాను. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో డబ్బింగ్ థియేటర్‌లో పనిచేస్తున్నాను.

మన సినిమాల్లో ఎక్కువభాగం షూటింగ్‌లో రికార్డు చేసిన మాట చివరిదాకా ఉండదు. అది పైలట్ ట్రాక్, గుర్తుకోసం మాత్రమే. పొలంలో తెల్లవారుజామున చలికి వణుకుతూ ఏడ్చిన నటి, కొన్ని నెలల తర్వాత ఏసీ గదిలో, మైకు ముందు నిలబడి, తెర మీద తన పెదాలు చూసుకుంటూ అదే ఏడుపు మళ్లీ ఏడవాలి. చాలాసార్లు ఆ ఏడుపు ఆమెది కూడా కాదు, వేరే డబ్బింగ్ ఆర్టిస్టుది. ఎంతో గొప్ప కళాకారులు వాళ్లు. సరిత గారు, రోజారమణి గారు ఎందరు నాయికలకు ప్రాణం పోశారో. కానీ పొలంలో వచ్చిన ఆ శ్వాస మళ్లీ రాదు. నేను రోజూ వింటాను కదా, నాకు తెలుసు.

కంచరపాలెంలో లొకేషన్‌లో పలికిన మాటనే రికార్డు చేశారు. మేడమ్, మీ అమ్మగారికి పక్కింటి బాబాయి వినిపించింది అందుకే. మాటతో పాటు ఆ వీధి చప్పుడు, ఆ గోడల మధ్య తిరిగిన గాలి కూడా వచ్చాయి.

కె. విశ్వనాథ్ గారు మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్ద విభాగంలోనే జీవితం మొదలుపెట్టారు. శంకరాభరణం చూసినప్పుడల్లా అది గుర్తొస్తుంది. శంకరశాస్త్రిగా సోమయాజులు గారు మాట్లాడేది చాలా తక్కువ. ఆయన డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన రంగస్థల నటుడు, కావాలంటే తెర దద్దరిల్లేలా చెప్పగలరు. కానీ ఆ మౌనం ఎంతసేపు ఉండాలో, ఆ మౌనంలో ఏ చిన్న చప్పుడు వినిపించాలో చెవి ఉన్న దర్శకుడే నిర్ణయించగలడు. ఆ సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. 2023లో సరిగ్గా ఫిబ్రవరి 2నే ఆయన వెళ్లిపోయారు. ఆ రాత్రి మా స్టూడియోలో పని ఆపి, చిన్న స్పీకర్ మీద ఆ పాటలు పెట్టుకుని కూర్చున్నాం. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

కొత్త సినిమాల్లో మాట వినపడటం లేదని అందరూ అంటారు. తప్పు ఒకరిదే కాదు. మిక్సింగ్‌లో ప్రతి సీనుకూ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ పెంచమంటారు. హాల్లో మాట తెర వెనక మధ్య స్పీకర్‌లోంచి వస్తుంది. చెవులు పగిలిపోతున్నాయని జనం గొడవ చేస్తే థియేటర్‌వాళ్లు మొత్తం వాల్యూమ్ తగ్గిస్తారు. అలా తగ్గిస్తే ముందు మునిగిపోయేది మాటే. రాసినవాడు నెలల తరబడి చెక్కిన వాక్యం డప్పుల కింద పడి పోతుంది. నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

సీమ మిరప | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అనంతపురం నుంచి రాస్తున్నా. సిరిసిల్ల తమ్ముడికి కమెడియన్ అయినా దొరికాడు. మాకు సుమోలు, వేటకొడవళ్లు, బాంబులు దొరికాయి. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఇంద్ర, ఆది. నేను కూడా విజిల్ వేసి చూసినవాడినే. కానీ బెంగళూరులో ఉద్యోగంలో చేరిన రోజు, ఊరు పేరు చెప్పగానే పక్కసీటు అతను "మీ ఇంట్లో ఎంతమందిని చంపారు?" అని అడిగాడు. మా నాన్న వేరుశనగ రైతు. వానకోసం ఆకాశం చూడటంలోనే ఆయన బతుకంతా గడిచిపోయింది.

అందుకే నాకు సినిమా బండి అంటే ప్రాణం. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ప్రవీణ్ కండ్రేగుల తీశారు. ఆంధ్రా, కర్ణాటక సరిహద్దులో ఒక పల్లె. ఆటో నడిపే మనిషికి తన ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరుకుతుంది. ఊరికి మంచి జరుగుతుందని దాంతో సినిమా తీద్దామనుకుంటాడు. అంతే కథ. అందులో ఒక్కరూ కత్తి పట్టరు. కన్నడం కలిసిన మా సరిహద్దు తెలుగు అందులో ఉన్నట్టు ఇంకెక్కడా వినలేదు.

పుష్ప కూడా మెచ్చుకోవాలి. చిత్తూరు యాసను అల్లు అర్జున్ మూడు గంటలసేపు ఎక్కడా జారవిడవలేదు. ఆ పాత్రకే జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది, ఒక తెలుగు నటుడికి అది మొదటిసారి. అయినా నా మనసు ఆటోడ్రైవర్ దగ్గరే ఉంది.

డల్లాస్ డాబా | మంగళవారం, రాత్రి 9:15

మీరందరూ చిన్న సినిమాలే మాట్లాడుతున్నారు. నేను పెద్ద సినిమా వైపు నిలబడతాను. మా పిల్లలు ఇక్కడే పుట్టారు. ఇంట్లో నేను తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిస్తారు. 2022లో ఆర్ఆర్ఆర్‌కు తీసుకెళ్తే నాటు నాటు పాటకు హాలంతా లేచి ఆడింది, మా పిల్లలతో సహా. ఆ పాట ఇంటికొచ్చాక అర్థం చెప్పమన్నారు. చంద్రబోస్ గారు అందులో ఏం పెట్టారో చూడండి: పొలం గట్టు, పోలేరమ్మ జాతర, పోతరాజు, జొన్నరొట్టె, మిరపతొక్కు. జొన్నరొట్టె అంటే ఏమిటో చూపించడానికి మా ఆవిడ ఆ వారమే పిండి తెచ్చి చేసింది. మొదటి రెండు విరిగిపోయాయి, మూడోది పొంగింది. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద ఆ పాట పేరు పిలిచినప్పుడు మా చిన్నది సోఫా మీద ఎగిరింది. ఆ మాటలన్నీ ఊరి మాటలే కదా. మూడు వందల కోట్లు పెట్టినా, మూడు లక్షలు పెట్టినా మాట ఊరిదైతే పని జరుగుతుంది.

మాయాబజార్ కూడా పెట్టి చూశాను. సబ్‌టైటిల్స్‌లో గింబళి దగ్గర ఏముందో చదివి పిల్లలు ఊరికే ఉండిపోయారు. ఆపి, నేను చెప్పాను. అప్పుడు నవ్వారు. అది తెలుగులో మాత్రమే నవ్వొస్తుంది.

రెండో ఆట | బుధవారం, ఉదయం 12:40

మాటే మిగులుతుందన్న దానికి నేను ఒప్పుకోను. బి. నర్సింగరావు గారి దాసి చూడండి, 1988. దొర గడీలో దాసి కమలాక్షిగా అర్చన. ఆమె మాట్లాడేది ఎంత? దాదాపు ఏమీ లేదు. ఆ కళ్లకే జాతీయ ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు. సిరివెన్నెలలో చూపులేని వేణుగానం, మాటరాని చిత్రకారిణి. ఆ సినిమాతో సీతారామశాస్త్రి గారికి ఇంటిపేరే మారిపోయింది.

యాస విషయంలో నాకు భయం కూడా ఉంది. ఒక సినిమా ఆడితే అందరూ దాన్నే పట్టుకుంటారు. ఇప్పుడు హీరో నాలుగు యాస మాటలు పలికితే చాలు, పల్లె సినిమా అయిపోతోంది. లుంగీ కట్టినట్టు యాస కట్టుకుంటున్నారు. సీన్‌లో మనిషి లేకపోతే ఏ యాస పెట్టినా ఉత్త చప్పుడే.

నేల టికెట్టు | బుధవారం, ఉదయం 7:30

రెండో ఆట గారూ, మీ మాట నిజమే. మౌనం కూడా మాటలో భాగమే అని సౌండ్ బాక్సు గారు శంకరాభరణం గురించి చెప్పినప్పుడే నేను ఒప్పేసుకున్నాను. దాసి చూడలేదు, సిగ్గుగా ఉంది. ఈ ఆదివారం అదే.

మా అమ్మ నిన్న ముత్యాల ముగ్గు అడిగింది. రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు మా గోదావరి మాటలో, గొంతు పెంచకుండా, కబుర్లు చెప్పినట్టు చెప్తాడు. తెల్లవారి ఎర్రని ఆకాశం చూసినా ఆయనకు హత్యే గుర్తొస్తుంది. 1975కు ముందు విలన్ అంటే గట్టిగా నవ్వేవాడు. బాపు రమణలు ఆ నవ్వు తీసేసి అరుగు మీద కూర్చోబెట్టారు. మా ఊళ్లో అలాంటి మనిషిని నేను చూశాను. చాలా తియ్యగా మాట్లాడేవాడు. మా చిన్నాన్న పొలం ఆయన దగ్గరే పోయింది.

మద్రాసు మెయిల్ | శుక్రవారం, ఉదయం 5:50

బలగం చూశాను. రాత్రి నిద్ర పట్టలేదు.

సిరిసిల్ల అబ్బాయీ, మొన్న నేను ఏ జిల్లాదీ కాని తెలుగు అని మెచ్చుకున్నాను. ఆ మెప్పు అలాగే ఉంది. కానీ ఆ సినిమా మా నెల్లూరు మాటలో తీసి ఉంటే మా నాయన చావు నేను ఇంకోసారి చూసి ఉండేవాణ్ని. మీ యాసలో ఉన్నా కూడా చూశాను. మా కోడలు పక్కన కూర్చుని రెండు మూడు మాటలు విడమరిచింది, అంతకంటే అవసరం పడలేదు.

ఒక్క సందేహం మిగిలింది. మా వైపు కాకి అనే అంటాం, కాకికి పిండం పెడతాం. సినిమాలో మీవాళ్లు పిట్ట అంటున్నారు. ఎందుకని? బళ్లో నేర్చిన తెలుగు వద్దు. నీ మాటలోనే రాయి, నేను నిదానంగా చదువుకుంటాను.

సిరిసిల్ల పోరడు | శుక్రవారం, రాత్రి 8:35

సార్, మీరు అడిగినంక మా నాయనమ్మకు ఫోన్ జేసిన. నాకు గూడ సరిగ్గ తెల్వదు. ఆమె ఏమన్నదంటే, "అది కాకి గాదు బిడ్డా, మీ తాత. తాతను పట్టుకొని కాకి అంటమా?"

తాతకు పెట్టిననాడు నేను గూడ ఉన్న. విస్తరాకుల బువ్వ, కూర, పక్కన కల్లు పెట్టినం. చానా సేపు రాలె. మా నాయిన చేతులు జోడిచ్చి, చెల్లె పెండ్లి నేనే జేస్త అని ఒర్రిండు. గప్పుడు వచ్చింది సార్. సక్కగ వచ్చి కల్లు కాడ వాలింది. అందరం ఒక్కసారే ఏడ్సినం, నవ్వినం.

నెల్లూరుల ఏమంటరో మీరు గూడ రాయుండ్రి.

మద్రాసు మెయిల్ | శుక్రవారం, రాత్రి 9:20

రాస్తా నాయనా. రేపు కూర్చుని, మా నాయన సంగతి మొత్తం రాస్తా.